కొత్త ర్యామ్, ఆగిపోయే గేమ్

“మధ్యాహ్నంలోపు ఒక వంతెన పేలిపోతుంది. ఏ వంతెనో గువ్వ ఒక్కడికే తెలుసు. ఆ గేమ్ నడిపించు,” అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

గూఢచారి అంటే నల్లకళ్ళద్దాలు, సైలెన్సర్ తుపాకీ అనుకుంటాం. ఏజెంట్ ‘మెకానిక్’ చేతిలో ఉన్నది స్క్రూడ్రైవర్. కంప్యూటర్ రిపేరు షాపు అతని ముసుగు. గువ్వ విదేశీ ముఠాలో చొరబడ్డ మనవాడు; అసలు అతనెవరో చీఫ్‌కి తప్ప తెలీదు. అక్కడ అందరి ఫోన్లూ లాగేసుకున్నారు, కాలక్షేపానికి ఆన్‌లైన్ కార్ రేసు గేమ్ ఒక్కటి వదిలారు. రేసు మధ్యలో అతను మెసేజ్ టైపు చేస్తాడు. అది కనిపించేది డిపార్ట్‌మెంట్ లాక్ వేసిన ఈ ఒక్క కంప్యూటర్లోనే.

నిన్న దానికి కొత్త ర్యామ్ వేసి మెమరీ పెంచారు. అప్పట్నుంచి రేసు మొదలవగానే గేమ్ ఠక్కున మూసుకుపోతోంది.

“గ్రాఫిక్స్ డ్రైవర్ పాడైందేమో, మళ్ళీ వెయ్యి,” అంది నెమలి. డ్యూటీలో అతని పార్ట్‌నర్, త్వరలో అతను పెళ్ళి చేసుకోబోయే మనిషి. ఆమె నవ్విందంటే కస్టమర్లు ఏ పని మీద వచ్చారో మర్చిపోతారు.

వేశాడు. మళ్ళీ ఆగిపోయింది.

“వేడెక్కుతోందేమో, ఫ్యాన్ చూడు.”

ఫ్యాన్ నిక్షేపంలా తిరుగుతోంది.

“అయితే గేమ్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసెయ్.”

అది గంటల పని. అతని వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. చివరగా ఏది మార్చామో ముందు దాన్నే పీకి చూడాలని రిపేరు పనిలో మొదటిరోజే నేర్పుతారు. నెమలికి నేర్పింది అతనే. కొత్త ర్యామ్ తెచ్చి బిగించింది ఆమే. పొద్దుట్నుంచి అదొక్కటి తప్ప అన్నీ చూడమంటోంది.

తన అనుమానం తప్పు కావాలని లోపల్లోపల బతిమాలుకుంటూ కంప్యూటర్ ఆపి మూత విప్పాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

“వద్దు.”

“ఎందుకు?”

ఆమె చెయ్యి వదిలేసింది.

కొత్త ర్యామ్ పీకాడు. పాతదాంతో గేమ్ ఈసురోమంటూ కదిలింది గానీ ఆగలేదు. గువ్వ కారు పక్కన అక్షరాలు పడ్డాయి: రైలు వంతెన, రెండో స్తంభం. చీఫ్‌కి చెప్పాడు. ఇంకో నిమిషం ఆలస్యమైతే దక్కేది కాదని బాంబ్ స్క్వాడ్ తర్వాత చెప్పింది.

నెమలి స్టూలు మీదే కూర్చునుంది. తలుపు తెరిచే ఉంది.

“పారిపోవచ్చుగా,” అన్నాడతను. ఏడుపు దాచుకోవడం అతనికి చేతకాలేదు.

“ముఠావాళ్ళు నిన్ను చంపమన్నారు. చేతులు రాలేదు,” అందామె. “గేమ్ ఆగితే చాల్లే అనుకుని పాడైన ర్యామ్ వెతికి తెచ్చాను.”

జీపు ఆమెను తీసుకెళ్ళింది. చీఫ్ మళ్ళీ ఫోన్ చేశాడు. “ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకని మనిషి. ఎక్కడ తప్పు చేసిందయ్యా?”

“నన్ను బతకనిచ్చింది సార్,” అన్నాడు మెకానిక్.