నోరు లేని బొమ్మ

ఆసుపత్రి వెనక వరండాలో చివరి గదిలో మందులుండవు, సూదులుండవు. రంగులు, కాగితాలు, ఓ తొట్టి నిండా తడి బంకమట్టి ఉంటాయి. అక్కడ పనిచేసే ఆవిణ్ణి పిల్లలు బొమ్మల డాక్టరమ్మ అంటారు. నిజానికి ఆవిడ డాక్టరూ కాదు, ఆవిడ వేసే బొమ్మలూ అంతంతమాత్రమే. కానీ బస్సు ప్రమాదం తర్వాత పలకడం మానేసిన ఓ పాప, ఆ గదిలోనే అదే బస్సు బొమ్మని గీసి గీసి, చివరికి ఒకరోజు భోరున ఏడ్చి, ఆకలేస్తోందని అడిగింది. మనసులో గూడు కట్టుకున్నది చేతుల్లోంచి బయటికి రావాలని డాక్టరమ్మ నమ్మకం. గదికి ఒకటే కట్టుబాటు: ఎవరి బొమ్మ మీదా ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. ఆవిడైనా సరే.

ఈమధ్య వస్తున్న ఓ తాతగారి దగ్గర మాత్రం ఆవిడ పాచిక పారలేదు. భార్య పోయాక ఆయన తిండి తగ్గించారు, మాట మానేశారు. కూతురు తీసుకొచ్చి కూర్చోబెడితే, పోయినావిడ ముఖాన్ని మట్టితో చేసేవారు. కళ్ల కింద ముడతలు, సాగిన చెవి తమ్మెలు, నుదుటి మీద పాత గాటు... అచ్చం మనిషే. నోరు మాత్రం పెట్టేవారు కాదు. ముక్కు కింద నున్నగా వదిలేసేవారు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. సాయంత్రం కాకుండానే గదిలో లైటు వెయ్యాల్సి వచ్చింది. తాతగారు బొమ్మ పూర్తిచేసి చేతులు కడుక్కుంటుంటే డాక్టరమ్మ ఉండబట్టలేక అడిగింది.

"నోరు మర్చిపోయారా తాతగారూ?"

ఆయన కుళాయి కట్టేశారు. గొణుగుతున్నట్టు అన్నారు.

"నోరుంటే పిలుస్తుందమ్మా. పోయే ముందు రాత్రంతా పిలుస్తూనే ఉంది. 'ఏవండీ, మీరూ రండి' అని."

ఆ గదిలో ఆయన మాట్లాడటం అదే మొదలు. డాక్టరమ్మకి జాలేసింది. వెంటనే ఆశా పుట్టింది. ఇన్నాళ్లూ ఈయన్ని తినేస్తున్న భయం ఇదన్నమాట! నోరున్నా బొమ్మ పిలవదని ఒక్కసారి కళ్లారా చూస్తే, మనిషి తేరుకోడూ?

కూతురు వచ్చి ఆయన్ని తీసుకెళ్లింది. డాక్టరమ్మ తన కట్టుబాటుని తానే గాలికొదిలేసింది. నున్నటి మట్టిలో బొటనవేలితో నొక్కి, గోటితో పెదవులు దిద్దింది. ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి, కుంచెలు కడగడానికి అటు తిరిగింది.

వాన చప్పుడు. ఫినాయిలు వాసన. దాని మీదుగా, తడి మట్టి వాసన అంతకంతకీ చిక్కబడుతోంది.

గుడ్డ కదిలింది.

గాలేమో అనుకుంది. కిటికీ మూసే ఉంది. సరిగ్గా తను నొక్కిన చోట, గుడ్డ లోపలికి పీల్చుకుపోయింది... ఉబ్బింది... మళ్లీ లోపలికి...

"ఏవండీ..."

నిద్ర లేపుతున్నట్టు, ఎంతో ముద్దుగా.

డాక్టరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. గుడ్డ లాగేసి, రెండు అరచేతులతో ఆ నోటిని అదిమేసింది. మట్టి వెచ్చగా ఉంది. అరచేతికి ఏదో మెత్తగా, తడిగా తగిలింది... అయినా వదల్లేదు. నున్నగా అయ్యేదాకా రుద్దింది. పిలుపు ఆగిపోయింది.

అప్పుడు ఫోను మోగింది. తాతగారి కూతురు.

"నాన్న మాట్లాడారండీ!" ఆమె సంతోషం పట్టలేకపోతోంది. "బస్టాపులో ఉన్నట్టుండి నవ్వి, 'వస్తున్నానే' అన్నారు. వెనక్కి తిరిగి మీ గదికే వచ్చేస్తున్నారు. నేను అందుకోలేకపోతున్నా. ఎంత చలాకీగా నడుస్తున్నారో!"

ఆయన్ని ఆపమని చెప్పబోయింది డాక్టరమ్మ. అంతలో ఫోను కట్టయింది.

వరండాలో చెప్పుల చప్పుడు. తడి చెప్పులు. ముసలి కాళ్లకి అంత వేగం ఎలా వచ్చింది...

తాతగారు గుమ్మంలో నిలబడ్డారు. తడిసి ముద్దయ్యారు. ముఖంలో పెళ్లికొడుకు కళ. బల్ల మీది బొమ్మ వైపు చూశారు. ముక్కు కింద నున్నగా ఉంది. ఆయన ముఖం కళ తప్పింది. తల దించుకుని వెనుదిరిగారు.

హమ్మయ్య. గండం గడిచింది. డాక్టరమ్మ ఆయన వెనకే రెండడుగులు వేసింది. జాగ్రత్తగా ఇంటికెళ్లండి తాతగారూ అని చెబుదామని నోరు తెరిచింది. నాలుక మీద బంకమట్టి రుచి తగిలింది.

"ఏవండీ..." అంది ఆమె నోరు. "మీరూ రండి."

తాతగారు నవ్వుతూ లోపలికొచ్చి, తలుపు గడియ పెట్టారు.