గేటుకు కట్టిన తువాల

ఇసుక, సిమెంటు పైకి చేర్చే మాల్ లిఫ్ట్ కింద నలిగి రాజలింగం చనిపోయాడు. దాని అడుగు గుంతలో పడ్డ ఇసుక ఊడుస్తుంటే లిఫ్ట్ మీదికి దిగింది.

ఫోరస్ రోడ్ పక్కన, తెలుగు కూలీలు ఉండే వరస గదుల పాత చాల్‌ను కూల్చి మళ్లీ కడుతున్న సైటది. శవాన్ని తీసుకెళ్లారు. పట్టపగలే అయినా ఆ గుంత దగ్గరికి పోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. లిఫ్ట్ గేటుకు అతని తువాల ఇంకా కట్టే ఉంది.

పాలమూరు కూలీల అలవాటది. గుంతలో దిగేవాడు గేటు తెరిచి, మూసుకోకుండా తువాలతో కట్టేస్తాడు. గేటు తెరిచుంటే లిఫ్ట్ కదలదు. ఇన్నాళ్లూ కదల్లేదు.

సబ్‌ఇన్‌స్పెక్టర్ ప్రణాలి ఆపరేటర్ మహేష్ వైపు తిరిగింది.

“బటన్ నొక్కావా?”

“ఒత్తలే మేడం. ఆయన మా మేనమామ.”

“మరి దానంతటదే దిగిందా?”

మహేష్ జైలు తప్పదని భయపడిపోయాడు.

“గేటు తెరిచుంటే బటన్ పనిచేయదు,” అన్నాడు హితేష్. లిఫ్ట్ ప్రోగ్రాం రాసింది అతనే. “ఎవరో గేటు మూసి, నొక్కి, మళ్లీ కట్టుండాలి.”

నేరం మహేష్‌దేనని చుట్టూ చేరిన గుంపు తేల్చేసింది.

సైటు పక్కనున్న పోచమ్మ గుడి చూసుకునే గంగవ్వను ప్రణాలి అడిగింది. “అప్పుడేం విన్నావ్ అవ్వా?”

“గుళ్లె పాటల డబ్బా మోగుతుండె బిడ్డా. నడుమల ఆగి, మళ్ల మొదటి పాటే షురూ అయింది. గప్పుడే కేక ఇనబడ్డది. మస్తు దడుసుకున్న.”

ప్రణాలి మళ్లీ హితేష్ వైపు తిరిగింది.

“హితేష్, ప్రోగ్రాంలో లిఫ్ట్‌కు స్టేట్స్, అంటే స్థితులు, ఏంటి?”

“ఆగు, పైకి, కిందికి.”

“గేటు చెక్ ఎక్కడుంది?”

“ఆగు స్టేట్‌లో. అక్కడ గేటు చూశాకే లిఫ్ట్ కదులుతుంది.”

“కరెంటు పోయి వస్తే ఏ స్టేట్‌తో మొదలవుతుంది?”

“కిందికి. ఎక్కడ ఆగినా నేలకు దిగాలని.”

లిఫ్ట్‌ను పైకి పంపించి, గేటు మళ్లీ తువాలతో కట్టించి, గుంతలో ఇసుక బస్తా పెట్టించింది ప్రణాలి. సైటుకూ గుడికీ ఒక్కటే అయిన మెయిన్ స్విచ్ ఆపి, వేయమంది.

లిఫ్ట్ దడదడా దిగింది. బస్తా చిట్లింది. గుడిలో మొదటి పాట మొదలైంది.

“పగలు కాబట్టి కరెంటు పోయి రావడం ఎవరూ గమనించలేదు. పాటల డబ్బా మొదటికొచ్చింది, లిఫ్టూ మొదటికొచ్చింది. ఏ స్టేట్‌లో ఉన్నా ముందుగా అడగాల్సిన గేటు సంగతి నువ్వు ఒక్క స్టేట్‌లోనే పెట్టావు.”

మహేష్ కూలబడి ఏడ్చాడు.

“ఈ ప్రోగ్రాం ఇంకెక్కడుంది?”

“దాదర్‌లో. మా నాన్న పనిచేసే సైట్ల.” హితేష్ అప్పటికే ఫోన్ చేస్తున్నాడు.

తండ్రి శివరాం ఎత్తాడు. “చెప్పు బిడ్డా. ఈడ లైట్ పోయింది. లిఫ్ట్ గుంత సాఫ్ చేస్తున్న.”

“నానా, బయటకు రా. ఎందుకని అడగకు. రా.”

చెప్పుల చప్పుడు. వెంటనే ఫోన్‌లో లిఫ్ట్ దడదడా దిగిన పెద్ద శబ్దం.

“నానా?”

“ఉన్న బిడ్డా.” అన్నాడు శివరాం. “గేటుకు తువాల కట్టిన గదరా.”