కుడికి తిరగని రెక్క

రవిబాబు శవం సిల్వర్ ఓక్ చెట్టుకి వేలాడుతోంది.

వీపుకి కట్టుకున్న ఇంజన్ ఇంకా వేడిగానే ఉంది. నారింజరంగు గుడ్డరెక్క కొమ్మల్లో చిక్కి చిరిగిపోయింది. కింద కాఫీ మొక్కల మీద పంకా ముక్కలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

2005 డిసెంబరు. ఉదయం 9.20. అరకు లోయలో మంచు అప్పుడే విడుతోంది.

ఎస్సై నీలవేణి ఏజెన్సీకి బదిలీ అయి వచ్చి ఎనిమిది నెలలైంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పడ్డ శవాలు చూసింది. గెడ్డల్లో కొట్టుకొచ్చిన శవాలు చూసింది. ఆకాశం నుంచి రాలిన శవాన్ని చూడటం మాత్రం ఇదే మొదలు.

"దీన్నేమంటారు?"

"పారామోటార్, మేడమ్" అన్నాడు సురేష్. అతను రవిబాబు పార్టనర్. ఇద్దరిదీ విశాఖపట్నం. టూరిస్టులకి ఎగరడం నేర్పిస్తామని ఈ సీజన్లోనే ఇక్కడ షెడ్డు వేశారు.

"గాల్లో తిరగడం ఎలా?"

"రెండు చేతుల్లో రెండు బ్రేక్ తాళ్ళుంటాయి. కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకి. వేరే దారి లేదు."

అంటూనే రెక్క నుంచి వేలాడుతున్న ఒక తాడు కొస పట్టుకుని చూపించాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"కుడి బ్రేక్ తాడు మేడమ్. తెగలేదు. కోశారు."

కొస నున్నగా ఉంది.

"ఇక్కడికి ముందు ఎవరొచ్చారు?"

"నేనే. పరుగెత్తుకొచ్చాను. అప్పటికే ప్రాణం లేదు."

"మీ నడుముకి ఆ వాకీటాకీ ఏమిటి? అతనితో మాట్లాడలేదా?"

"పొద్దుట్నుంచి పని చెయ్యట్లేదు మేడమ్. మాట కలవలేదు."

"ఎవరి మీదైనా అనుమానమా?"

సురేష్ ఎవరి పేరూ చెప్పలేదు. కొండ కింద, నూనెగింజల కోసం వేసిన వలిసె చేను వైపు చూశాడు, అంతే.

ఆ చేను సోంబరు అనే గిరిజన రైతుది. పారామోటార్ లేచే మైదానం దాని గట్టునే ఉంది. యంత్రాన్ని చూడటానికి వచ్చిన జనం నెల రోజులుగా పసుప్పచ్చటి వలిసెను తొక్కి పచ్చడి చేస్తున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ముందురోజే సోంబరు రవిబాబుతో గట్టిగా గొడవపడ్డాడు. అందరూ చూశారు.

పది గంటలకల్లా హెడ్ కానిస్టేబుల్ భీమన్న సోంబరును స్టేషన్‌కి తెచ్చాడు. అతని కొడవలి కూడా తెచ్చాడు.

"తాడు ఎందుకు కోశావు?"

"నాను కొయ్యనేదమ్మా. వలిసి కోయడానికెల్నాను."

"రెక్క దగ్గరికి వెళ్ళావా?"

"నేదమ్మా."

"కొడవలి నీదేనా?"

"నాదే."

తాడు దొరికింది. కొడవలి దొరికింది. కోపమూ దొరికింది. పోలీసులకి ఇంకేం కావాలి? మర్నాడు ఉదయం మెజిస్ట్రేటు ముందు పెట్టడానికి కాగితాలు సిద్ధమయ్యాయి. సోంబరు భార్య సోములమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. ఎంత చెప్పినా కదల్లేదు.

"మా ఓడు జైలుకెల్తే వలిసి ఎవులు కోత్తారమ్మా? పిల్లలకి ఏటి ఎట్టాల?" అని అదే మాట అడుగుతోంది.

 నీలవేణిని ఇంకో ప్రశ్న తొలుస్తోంది. కొండవాళ్ళు నలుగురు విడివిడిగా ఒకే సంగతి చెప్పారు. యంత్రం ఎడమకే తిరుగుతూ కొండ మీదికి పోయిందట. పోయేకొద్దీ ఇంజన్ హోరు పెరిగిందట. చెట్లు ఎదురుగా కనిపిస్తుంటే ఏ మనిషైనా ఇంజన్ ఎందుకు పెంచుతాడు?

మధ్యాహ్నం రవిబాబు భార్య భారతి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా అడిగినదానికల్లా జవాబు చెప్పింది.

"ఆయనకి కుడిచేత్తో బ్రేక్ లాగడం కుదరదు మేడమ్. బైక్ మీంచి పడి భుజం పోయింది. లేచేటప్పుడు పట్టుకోవడమే. పైకి వెళ్ళాక దాని పిడిని పట్టీ మీది ప్రెస్ బటన్‌కి తగిలించేస్తారు."

నీలవేణి పెన్ను ఆగిపోయింది. "మరి కుడికి తిరగడం?"

"నడుముతో. అందుకేగా ఈ యంత్రం కొన్నది! మూడు నెలలు వెతికారు. కొన్నింటిలో కూర్చుంటే కుర్చీలో బిగించినట్టే ఉంటుందట. దీంట్లో భుజాల దగ్గర రెండు కడ్డీలు కదులుతాయి. ఎటు ఒరిగితే అటు కడ్డీ కదిలి, రెక్క కూడా అటే వాలుతుంది. మా ఇంట్లో ఉయ్యాలబల్ల మీద కూర్చుని ప్రాక్టీసు చేసేవారు. ఇంజన్ పెంచినకొద్దీ యంత్రం ఎడమకి లాగుతుంది భారతీ, కుడికి ఒరిగి సరిచెయ్యాలి అనేవారు. అన్నం దగ్గర కూడా అదే గోల."

"ఈ సంగతి సురేష్‌కి తెలుసా?"

"పక్కనుండి పరీక్ష చేయించిందే ఆయన. చేతులు వదిలేసినా తిరుగుతుందిరా, ఇదే నీకు తగినది అన్నారు."

"ఇద్దరికీ గొడవలేమైనా ఉన్నాయా?"

 భారతి కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది. వేసవిలో భీమిలి దగ్గర ఒక కుర్రాడు సముద్రంలో పడి చనిపోయాడు. అతను ఎగిరింది సురేష్ తన షెడ్డులో వెల్డింగ్ చేసి అమ్మిన యంత్రం మీద. వెల్డింగ్ ఊడటం రవిబాబు కళ్ళారా చూశాడు. స్నేహితుడని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. సోమవారం ఆ కేసు విచారణకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానని సురేష్‌తోనే అన్నాడు.

నీలవేణి లేచి సీజ్ చేసిన సామాను గదిలోకి వెళ్ళింది. కోసిన తాడు చివరి పిడి కోసం వెతికింది. ప్రెస్ బటన్‌కి తగిలించినట్టే ఉంది. చచ్చిపోయే క్షణంలో కూడా రవిబాబు దాన్ని తాకలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి స్టేషన్ వరండాలో అందరినీ కూర్చోబెట్టింది. సురేష్, భారతి, సోములమ్మ. సోంబరును లాకప్‌లోంచి తెచ్చి గోడ పక్కన నిలబెట్టారు. దూలానికి రెండు మోకులు కట్టి, వాటికి రవిబాబు యంత్రాన్ని వేలాడదీశారు. కుర్చీ పట్టీలు ఎక్కడా చెక్కు చెదరలేదు.

నీలవేణి అందులో కూర్చుంది. భీమన్న నోరు తెరిచి చూస్తున్నాడు.

ఎడమకి ఒరిగింది. ఎడమ కడ్డీ కదిలింది. కుర్చీ సాఫీగా వాలింది.

కుడికి ఒరిగింది. కడ్డీ కదల్లేదు. బలమంతా పెట్టి ఒరిగింది. అయినా కదల్లేదు.

"దెబ్బకి బిగుసుకుపోయి ఉంటుంది మేడమ్" అన్నాడు సురేష్.

"నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ కడ్డీల కీళ్ళ మీద టేపు చూడండి. ఎడమ వైపుది వెలిసిపోయి దుమ్ము పట్టింది. కుడి వైపుది నిగనిగలాడుతోంది. రాత్రి విప్పి చూశాను. లోపల కడ్డీ కదలకుండా బోల్టు దిగగొట్టి, తల అరగదీసి ఉంది. టేపులో ఒక ముక్క కోసి తీసుకుని, మిగతాది అలాగే మళ్ళీ చుట్టించాను."

సురేష్ చూపు కీలు మీంచి నేల మీదికి దిగింది.

"నిన్న చెట్టు కింద నాతో ఏమన్నారు? తిరగడానికి బ్రేక్ తాళ్ళు తప్ప వేరే దారి లేదన్నారు. తెలియనివాడు ఆ మాటంటే నమ్మేదాన్ని. ఈ యంత్రం నడుముతో తిరుగుతుందని దగ్గరుండి కొనిపించింది మీరే కదా?"

"కంగారులో..."

"కంగారులో కాదు. ఈ చావు తాడు వల్ల జరగలేదు. ఆ తాడు అతను పట్టుకోనే లేదు. పడ్డాక మీరు ముందు వెళ్ళి దాన్ని కోశారు. పోలీసుకి కనబడేది తాడే కాబట్టి, కొడవలి ఉన్నవాడు పక్క చేలోనే ఉన్నాడు కాబట్టి."

"ఆ బోల్టు రవే బిగించుకున్నాడేమో!"

"కావచ్చు. టేపు గమ్ము వైపు ముద్రలు చక్కగా నిలుస్తాయి సురేష్ గారూ. తీసిన ముక్క విశాఖ పంపాను. మీ వేళ్ళు చూపిస్తే సరిపోతుంది."

సురేష్ చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వెళ్ళింది. అది వరండాలో అందరూ చూశారు. అతను బెంచీ మీద కూలబడ్డాడు.

"రెండు రోజులు మంచం పట్టేలా పడితే చాలనుకున్నాను" అన్నాడు. "సోమవారం దాటిపోతే చాలనుకున్నాను. చస్తాడనుకోలేదు."

భారతి అతని ముందుకి వచ్చి నిలబడింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు చూసింది. తిట్టలేదు.

"చివర్లో ఆయన ఏమైనా అన్నారా? అది చెప్పు చాలు."

"వాకీటాకీ పని చెయ్యలేదమ్మా."

"పలికినాదమ్మా" అన్నాడు సోంబరు.

అందరూ గోడ వైపు తిరిగారు.

"నాను గట్టు మీదే ఉన్నాను. ఈ బాబు సేతిలో రేడియో పలికినాది. 'సురేషూ, కుడికి తిరగట్లేదురా, ఏం చెయ్యమంటావు' అని ఆ బాబు అడిగినాడు. ఈ బాబేమో 'పెంచు, ఇంకా పెంచు' అన్నాడు. సెట్టుకి తగిలీదాకా అదే మాట."

 ఇంజన్ హోరు ఎందుకు పెరిగిందో నీలవేణికి తెలిసింది. ఇంజన్ ఆపెయ్ అని ఒక్క మాట అని ఉంటే రెక్క మెల్లగా మైదానంలో దింపేసేది. అడగాల్సిన మనిషినే రవిబాబు అడిగాడు. ఆ మనిషి చెప్పినట్టే చేశాడు.

భారతి రెండు చేతులతో చెవులు మూసుకుని అక్కడే కూర్చుండిపోయింది. సోములమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"ఇది నిన్ననే ఎందుకు చెప్పలేదు సోంబరూ?" అంది నీలవేణి.

"ఎవులడిగినారమ్మా? కొడవలి సంగతే అడిగినారు."

అది నిజం. అడిగిన ప్రశ్నలన్నీ తనవే. నీలవేణి తల దించుకుంది. భీమన్న సురేష్‌ను లోపలికి తీసుకెళ్ళాడు.

సోంబరు ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారాడు.

"మరి నా కొడవలి ఇస్తారామ్మా? వలిసి రాలిపోతంది."

నీలవేణి గుడ్డసంచి సీలు తెంపి కొడవలి తీసి అతని చేతికిచ్చింది. క్షమించమని అడగాలనుకుంది.  సోంబరు కొడవలి అంచు బొటనవేలితో చూసుకుని, పెళ్ళాన్ని బేగి రమ్మని పిలిచి, చేను దారి పట్టాడు.