ఇంటికి రాని ఐసు

ఎండ వీధిలోకి దిగకముందే ఐసు బండి కేక వినబడింది. జ్ఞానమ్మ చింతపండు పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరి ఐసు నాయనా?"

"మీ అబ్బాయిగారి కంపెనీదేనండీ మామ్మగారూ. ఈ వేసవి బందరంతా మనదే!"

గర్వపడాల్సింది పోయి ఆమెకు గుబులు పుట్టింది. కొడుకు బాబూరావు గిలకలదిండి దారిలోని ఐసు కంపెనీకి మేనేజరు. నిరుటిదాకా చేపల బుట్టలకే వెళ్లిన ఐసును సోడాకొట్లకూ అమ్మాలని యజమాని భుజంగరావు తలపెడితే, జరిపించే భారం ఇతని మీద పడింది. బండ్లు కుదిర్చాడు, బండివాళ్లకు కమీషను పెట్టాడు, కంపెనీని రాత్రింబవళ్లు నడిపాడు. అయితే నిరుడు గోనెపట్టాలో చుట్టి ఇంటికి తెచ్చినట్టుగా ఈ ఏడు ఒక్కసారీ ముక్క తేలేదు. యజమానితో చెడిందేమో, ఉద్యోగం ఊడుతుందేమోనని ఆమె లోలోపల హడలిపోతోంది.

మధ్యాహ్నం కొడుక్కి నిమ్మకాయ షర్బత్ ఇద్దామని ఒక ముక్క కొని గాజుగ్లాసులో వేసింది. కరిగాక చూస్తే అడుగున పచ్చటి నాచు, అందులో పురుగు కాలు. గుప్పున బురద వాసన.

బాబూరావు భోజనానికి కూర్చోగానే ఆ గ్లాసు విస్తరి పక్కన పెట్టింది.

"తాగు."

అతను చూసి మొహం తిప్పుకున్నాడు. "ఎక్కడిదిది? బండిమీద కొనొద్దని ఎస్తేరుకి చెప్పానే!"

"అత్తయ్యకి చెప్పలేదుగా మీరు," అంది కోడలు మెల్లగా.

"అంటే నీకు తెలుసన్నమాట!" జ్ఞానమ్మ కొడుకు వైపు తిరిగింది. "గేదెలు పొర్లే కాలవ నీళ్లురా అవి! ఊళ్లో పిల్లలకి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే?"

"మంచినీళ్ల బండ్లు ఈ ఏడు ఆలస్యమవుతున్నాయమ్మా. సరుకు అందకపోతే కొట్లు చెయ్యి జారిపోతాయి. భుజంగరావుగారు చెప్పింది చేసి చూపించాలిగా నేను?"

"చూపించావులే. ఛీ! చేపకి పెట్టేది మనిషి నోట్లో పెట్టావు. నీ ఇంటికి మాత్రం రానివ్వలేదు." ఆమె గ్లాసు పైకెత్తింది. "నా కొడుకు చేసింది నేను తాగకపోతే ఎవరు తాగుతారు?"

బాబూరావు చటుక్కున లేచి గ్లాసు లాక్కుని పెరట్లో పారబోశాడు. చెయ్యి కడుక్కుని, అన్నం ముట్టకుండానే సైకిలెక్కాడు.

ఆదివారం అత్తాకోడళ్లు చర్చి నుంచి వచ్చేసరికి అరుగుమీద గోనెపట్టా మూట ఉంది. పక్కనే బాబూరావు.

"మంచినీళ్ల తొట్లు వేరు చేశానమ్మా. కుదిరినంతే సోడాకొట్లకి. మిగతాది చేపలకే."

"ఆయనేమన్నారురా?"

"తిట్టారు. ఈ నెల చూస్తానన్నారు."

"ఊడుతుందేమో..." అంటూనే జ్ఞానమ్మ ముక్కను వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ కనబడలేదు. అయినా తను నోట పెట్టలేదు. ముందు కొడుకు ఒక పెచ్చు విరిచి నోట్లో వేసుకున్నాడు. అప్పుడు ఆమె చెయ్యి చాపింది.

"పళ్లు జివ్వుమంటున్నాయిరా," అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.