ముసలి నక్షత్రం, మూడో యూనిట్

"మూడో యూనిట్ ఎప్పుడు ఆపుతారండీ?"

పావని నవ్వుతూ అడిగింది. ఆ నవ్వుకి ఇంకెవడైనా అయితే ప్లాంటు తాళాలే చేతిలో పెట్టేవాడు. వాదిరాజ్‌కు మాత్రం ఒళ్లు మండింది. అతను థర్మల్ ప్లాంటులో ఇంజనీరు. కాలనీ స్కూల్లో సైన్సు చెప్పే ఈ జవళగేర అమ్మాయి తొమ్మిది వారాలుగా కనబడ్డప్పుడల్లా అడిగేది ఇదే!

పాపం, అతను ఎప్పుడో మనసిచ్చేశాడు. పిల్లనడగడానికి వాళ్లమ్మ ఇవాళ పదింటి బస్సుకు జవళగేర వెళ్లాలి. తీరా నిన్న తోటి ఇంజనీరు యంకప్ప అనుమానం అంటించాడు.

"ప్రేమ గీమ ఏం లేదన్నా. పొగ మీద పేపరుకు రాస్తున్నదేమో. నోట్‌బుక్కుల అన్నీ తారీఖులే!"

అందుకే అమ్మను రాయచూరు బస్టాండులో ఆగమని చెప్పి, పొద్దున్నే ఆమె స్కూలు దగ్గరికి వచ్చాడు. ఆ నోట్‌బుక్కు ఇప్పుడూ పావని చేతిలోనే ఉంది.

"గదేంది? జర చూపియ్యండి."

"మీకెందుకండీ?"

అనుమానం రెట్టింపైంది. చెయ్యి చాపాడు. ఆమె మూతి ముడిచి ఇచ్చింది. తారీఖులు, వాటి పక్కన ఐదు, ఐదున్నర, ఆరు. ఒకచోట "పొగ ఎక్కువ, కనబడలేదు".

"ఏ పేపరుకు?"

"పేపరేంటండీ? అదొక నక్షత్రం! ముసలిదైపోయింది. ఒంటి మీది పొరలన్నీ వదిలేస్తోంది. బైనాక్యులర్స్‌లో చూసి వెలుగెంతుందో ఆ అంకెల్లో రాసుకుంటాను. మీ పొగ తగ్గితేనేగా అది కనబడేది!"

"పొరలన్నీ పోతే సచ్చిపోదా?"

"ముందు లోపలి వేడి బయటపడుద్ది. అప్పుడా వదిలేసిన పొరలే రంగురంగులుగా వెలుగుతాయి."

"ఎప్పుడు?"

"కొన్ని వేల ఏళ్లు పట్టొచ్చండీ."

"గంత టైం లేదు. మా అమ్మ బస్సు పదింటికే."

"ఎక్కడికీ?"

"మీ ఇంటికి. పిల్లనడగనీకి." అనేసి నాలుక కరుచుకున్నాడు.

పావని బుగ్గలు ఎర్రబడ్డాయి. నోట్‌బుక్కు లాక్కోబోయింది. అంత తొందరేమిటని వాదిరాజ్ చివరి పేజీ తిప్పాడు. "మూడో యూనిట్ పద్నాలుగో తారీఖు నుంచి బంద్. ప్లాంటు గేటు దగ్గర బోర్డు చూశాను" అని పోయిన వారమే రాసిపెట్టుకుంది.

"తారీఖు మీకు ముందే ఎరుకనా? మరి ఇంకా నన్నెందుకు అడుగుతున్నరు?"

పావని తల వంచుకుంది. "ఇన్ని అనుమానాలు వచ్చాయే మీకు! ఆ ఒక్క అనుమానం మాత్రం రాలేదా?"

వాదిరాజ్ గబగబా ఫోన్ తీశాడు.

"అమ్మా, బస్సెక్కు!"