నాలుగో లేన్‌లో పసుపు టోపీ

మొదటి రోజే ఆమె తలకు నా తల తగిలింది.

సెగెద్ నగరంలో నవంబరు నెల, ఉదయం ఆరు గంటలు. పైన చలి, ఆరుబయటి కొలనులో వెచ్చటి నీళ్ళు. రెండూ కలిసిన చోట ఆవిరి తెరలా నిలబడింది. నాలుగో లేన్‌లో నా మానాన నేను నడిమధ్యన ఈదుతున్నాను. ఠప్!

"కుడి పక్క! కుడి పక్కన వెళ్ళాలి!" ఆవిరిలోంచి ఒక ఆడగొంతు కేకేసింది. "ఇదేమైనా మీ ఊరి చెరువనుకున్నారా?"

చెరువు కాదు, కాలువ. నేను ఈత నేర్చింది మా పుచ్చతోట పక్క కాలువలో. అక్కడ కుడీ ఎడమా ఉండవు. బాతులుంటాయి, అవే తప్పుకుంటాయి.

"క్షమించండి. నడుము నొప్పికి డాక్టరు గారు ఈదమన్నారు."

"తలకాయలు గుద్దమని కూడా చీటీలో రాశారా?"

ఆయన రాసింది ఇంతే. వెన్నుపూసల మధ్య డిస్కు జరిగింది, పరుగు మానాలి. బరువంతా నీళ్ళు మోస్తాయి కాబట్టి వారానికి మూడు రోజులు, నలభై నిమిషాలు, ఆగకుండా ఈదాలి. మా ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం నాకు అలవాటు.

"సరే వినండి," అందామె గోడ పట్టుకుని. "నేను మీకన్నా వేగం. దాటాలనుకున్నప్పుడు వెనకనుంచి మీ పాదం తడతాను. మీరు గోడ దగ్గర ఆగి దారివ్వండి. అంతే, మాటలక్కర్లేదు."

అంతే అయింది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆమె వేళ్ళు నా అరికాలిని తాకేవి. మెత్తగా, ఒక్కసారి. నేను గోడ దగ్గర ఒదిగేవాణ్ణి, పసుపు టోపీ నన్ను దాటిపోయేది. నలభై నిమిషాల్లో నాలుగుసార్లు. నాలుగోసారి తాకాక బుధవారం ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకునేవాణ్ణి.

క్రిస్మస్ నాటికి నడుము నొప్పి పోయింది. ఆయాసమూ తగ్గింది. అక్కడే చిక్కొచ్చిపడింది. నా వేగం పెరిగేకొద్దీ ఆమె దాటడం తగ్గింది. నాలుగు రెండయింది, రెండు ఒకటయింది. ఒక శుక్రవారం అసలు తట్టనే లేదు. ఆ రోజంతా నగరపాలక ఆఫీసులో, అర్జీలు తీసుకునే నా కౌంటర్ వెనక, అరికాలు వెలితిగా అనిపించింది.

సోమవారం కావాలనే నెమ్మదిగా ఈదాను. ఆమె తట్టింది. గోడ దగ్గర ఆగి, "డాక్టరు గారు ఈదమన్నారా, తేలమన్నారా?" అంది.

"ఇవాళ కాస్త అలసటండీ."

"అబద్ధం. మీ కాళ్ళు అలిసిన కాళ్ళు కావు." నవ్వి, నీళ్ళలో మునిగి వెళ్ళిపోయింది.

ఆమె నవ్వు విన్నాను గానీ చూడలేదు. కళ్ళద్దాలు తీస్తే నాకు చేయి చాపినంత దూరం కూడా మసకే. ఆమెకేమో టోపీ, నల్ల గాగుల్స్. ఆ పైన ఆవిరి. ఆమె ఎడమచెయ్యి కాస్త వెడల్పుగా పడుతుందని తెలుసు, రెండు బారలకోసారి కుడివైపు ఊపిరి తీస్తుందని తెలుసు. ముఖం మాత్రం తెలియదు.

జనవరి చివర్లో ఒక సోమవారం నాలుగో లేన్‌లో పసుపు టోపీ లేదు. తల తిప్పితే దూరంగా, రెండో లేన్‌లో, పసుపు మరకలా కదులుతోంది. ఒక్కసారైనా ఇటు తిరగలేదు. బుధవారమూ అంతే.

బయటికొస్తూ తాళంచెవులిచ్చే గిజి పిన్నిని అడిగాను. "పిన్నీ, నాలుగో లేన్ అమ్మాయి రెండుకి ఎందుకు మారింది?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకు కళ్ళున్నాయా అబ్బాయ్?"

"ఉన్నాయి, మందంగా."

"పోయిన శుక్రవారం నీ కౌంటర్ దగ్గరికే వచ్చిందటగా! అమ్మమ్మ చక్రాల కుర్చీ కోసం ఇంటిముందు మెట్లు తీసి వాలుదారి కట్టుకోవాలని అర్జీ. నీ ముందు నిలబడి నవ్విందిట. నువ్వేమన్నావో గుర్తుందా?"

వాలుదారి అర్జీ బాగా గుర్తుంది. పేరు కొచిష్ పిరోష్క. మనిషి గుర్తులేదు, కాగితం మీంచి తలే ఎత్తలేదు. ఎదురుగా కదలకుండా నిలబడితే, పని తెమలడం లేదనుకుని, "రెండో కాపీ మీద సంతకం లేదు. తర్వాతివారు రండి," అన్నాను.

"తర్వాతివారు రండి అన్నావట!" గిజి పిన్ని తల కొట్టుకుంది. "మూణ్ణెల్లు పాదాలు తట్టించుకుని!"

"ఓ ఉత్తరం రాసిస్తాను, ఇస్తారా పిన్నీ?"

"నేనేం పోస్టాఫీసునా? నీకు నోరు లేదూ?"

నోరుంది. కానీ గేటు దగ్గర ఎదురుచూద్దామంటే ఎవరికోసం చూడాలి? అందరూ ఉన్ని టోపీలు, పొడుగు కోట్లు. ఆఫీసులో నా కుర్చీ వెనక బీరువాలో ఆ అర్జీ ఉంది. అందులో చిరునామా ఉంది, ఫోన్ నంబరుంది. రోజుకు పదిసార్లు ఆ బీరువా వైపు చూసేవాణ్ణి. తియ్యలేదు. జనం ఆ కాగితాలు మా చేతికిచ్చేది ఇందుకు కాదు.

ఇక మిగిలింది రెండో లేన్. దాని మొదట్లో పలక ఉంది: వంద మీటర్లు రెండు నిమిషాల్లోపు ఈదేవారికి మాత్రమే. నాకు అప్పటికి రెండు నిమిషాల ఐదు సెకన్లు.

అమ్మ ఫోన్ చేస్తే ఇప్పుడు వారానికి ఐదు రోజులు ఈదుతున్నానని చెప్పాను. "నడుము తగ్గిందన్నావు కదరా, మళ్ళీ ఎక్కడ నొప్పి?" అంది. ఎక్కడో చెప్పలేకపోయాను.

మార్చి మొదటి వారంలో గోడగడియారం ఒక నిమిషం యాభై ఎనిమిది చూపించింది. ఆ శుక్రవారం తాడు కిందనుంచి దూరి రెండో లేన్‌లోకి వెళ్ళాను. పసుపు టోపీ ముందుంది. పదహారు ల్యాపులు వెంబడించాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. చివరికి చెయ్యి చాచి పాదం తట్టాను.

ఆమె గోడ దగ్గర ఆగి పక్కకి ఒదిగింది. "వెళ్ళండి."

నేను వెళ్ళలేదు.

"దారిచ్చానుగా! వెళ్ళరేం?"

"దాటడానికి తట్టలేదండీ. ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్న మూర్ఖుణ్ణి నేనే."

ఆమె గోడ వదిలి వెళ్ళబోయి, మళ్ళీ పట్టుకుంది.

"మూణ్ణెల్లు ఒకే లేన్‌లో ఈది గుర్తుపట్టలేదా?" గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువుంది. "ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాను. అంత గుర్తుండని ముఖమా అని."

"మీ ముఖం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళద్దాలు లేకపోతే నాకేమీ కనిపించదు. మీ పాదాలు తెలుసు, ఎడమచెయ్యి తెలుసు, టోపీ తెలుసు."

"అంటే నేను రెండు పాదాలూ, ఒక టోపీనా?"

"మీరు చూపించినవి అవే కదండీ. వాటితోనే నాకు నిద్రపట్టడం లేదు."

వెనకనుంచి ఒక ముసలాయన వచ్చి ఢీకొన్నంత పని చేశాడు. "కబుర్లు ఒడ్డున చెప్పుకోండర్రా!"

"ఏడుంబావుకి ఎదురు బేకరీలో ఉంటాను," అంది పిరోష్క గబగబా. "వచ్చి నన్ను కనిపెట్టండి. కనిపెట్టలేకపోతే టీ తాగి వెళ్ళిపోతాను. మళ్ళీ పాదం తట్టకూడదు." బదులు వినకుండా వెళ్ళిపోయింది.

ఏడుంబావుకి బేకరీ తలుపు తోశాను. బయటి చలిలోంచి లోపలి వేడిలోకి అడుగుపెట్టగానే నా కళ్ళద్దాలు తెల్లగా ఆవిరి పట్టేశాయి. లోపల పదిహేనుమందైనా ఉంటారు. తుడిచి చూస్తే ఏముంది, సగం మంది ఈత నుంచి వచ్చినవాళ్ళే. అందరి కళ్ళచుట్టూ గాగుల్స్ గుర్తులు, అందరి జుట్టూ తడి. అద్దాలు మళ్ళీ మసకబారాయి. ఒక మూల ఎవరో కప్పు కింద పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి లేస్తున్న చప్పుడు. ఆమేనా? తెలియదు.

తెలిసినట్టు ఒకరి దగ్గరికి వెళ్ళి నిలబడొచ్చు, అదృష్టముంటే ఆమే అవుతుంది. నా వల్ల కాలేదు.

"ఏమండీ," అన్నాను నడిమధ్య నిలబడి, గట్టిగా. "మీలో పిరోష్క ఎవరు? నాకు ఆమె ముఖం తెలియదు. తెలుసుకోవాలని వచ్చాను. దయచేసి వెళ్ళిపోకండి."

"నేనై ఉంటే బాగుండును నాయనా," అందొక ముసలావిడ. అందరూ గొల్లుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. అయినా కదల్లేదు.

అడుగుల చప్పుడు నా ముందుకొచ్చి ఆగింది. చల్లటి వేళ్ళు నా కళ్ళద్దాలు తీశాయి. లోకమంతా మసకైంది.

"ఇంతమంది ముందు అరవాలా?" అంది పిరోష్క. గొంతు వణుకుతోంది, నవ్వుకో దేనికో.

"కనిపెట్టలేకపోయాను. ఓడిపోయాను."

"చూస్తూనే ఉన్నాను."

తన స్వెటర్ అంచుతో అద్దాలు తుడిచింది. తీరిగ్గా, ఒకటి తర్వాత ఒకటి. వెలుతురుకి పెట్టి చూసి, మళ్ళీ తుడిచింది. ఆ తర్వాత రెండు చేతులతో నా చెవుల మీద నిలబెట్టింది.

గోధుమరంగు కళ్ళు. వాటి చుట్టూ ఎర్రటి గుర్తులు. పై పెదవి మీద చిన్న పుట్టుమచ్చ. తడి జుట్టులోంచి జారిన ఒక చుక్క చెంప మీద ఆగింది.

"అయిందా చూడటం?" అంది.

"ఇంకా లేదు," అన్నాను.