బోర్లించిన రొట్టె

"రోజూ పదకొండున్నరలోపు ఒక రొట్టె ఫొటో పెట్టు. నీ డ్యూటీ అంతే."

ఏడాది క్రితం కల్నల్ రైఖాన్ ఈ ఆర్డర్ వేసినప్పుడు ఏజెంట్ ఉలార్‌బెక్‌కి తల కొట్టేసినట్టయింది. బిష్కెక్‌లో గూఢచారికి పిస్తోలు ఇవ్వాలి గానీ, వంటల బ్లాగు ఇస్తారా?

"నీ సైటుకి ఎవరెవరు వస్తున్నారో శత్రువు పసిగట్టగలడు," అంది రైఖాన్. "ఫీడ్ పెట్టుకుంటే నేను రానక్కర్లేదు. నా ఫోన్‌లోని రీడర్ యాపే అరగంటకోసారి వెళ్లి నీ పోస్టు పట్టుకొస్తుంది. వెయ్యిమంది వంటవాళ్లలో నేనెవరో ఎవడికి తెలుస్తుంది?"

"నిజంగా వెయ్యిమంది చదువుతారంటావా, అక్కా?"

"మా అమ్మ చదువుతుంది. చాలదూ?"

రొట్టె ఫొటో వచ్చిందంటే దారి క్షేమం. పన్నెండింటికి ఆమె చాయ్‌ఖానాకి, అంటే టీ దుకాణానికి, వస్తుంది. ఏడాదిగా ఇదే పద్ధతి. నెట్ సతాయించి ఫొటో ఆలస్యమైన రోజుల్లో కూడా ఆమె రాకుండా ఆగలేదు.

ఈరోజు ఆ చాయ్‌ఖానాలో, ఆమె కూర్చునే బల్ల కింద బాంబు ఉంది. ఉలార్‌బెక్ తన రహస్య గదిలోనే కుర్చీకి కట్టేసి ఉన్నాడు. అతన్ని పట్టించింది సెజిమ్. నక్కతోలు కోటు, ఎర్రటి పెదవులు. నిన్నటిదాకా అతని తోటి ఏజెంటు. ఆమె పక్కన విదేశీ ముఠా నాయకుడు లాంబర్ట్ నిలబడ్డాడు.

"రోజూ పెట్టినట్టే పెట్టు," అంటూ లాంబర్ట్ అతని ఒక చేతి కట్టు విప్పి, తుపాకీ కణతకి ఆనించాడు.

ఉలార్‌బెక్ పళ్లెంలో రొట్టె పెట్టాడు. బోర్లించి పెట్టాడు. రొట్టె మీద గుద్దే పువ్వు అచ్చు కిందికి, మాడిన అడుగు పైకి. ముందుగా అనుకున్న సంకేతమేమీ కాదు. చావుబతుకుల్లో తోచింది చేశాడు, అంతే.

లాంబర్ట్‌కి రొట్టె అంటే రొట్టే; అక్కడివాళ్లకి మాత్రం దాన్ని బోర్లించడమంటే అన్నాన్ని అవమానించడమే. సెజిమ్ చెయ్యి మాత్రం అలవాటుగా పళ్లెం వైపు వెళ్లి, మధ్యలో ఆగింది. అతని కళ్లలోకి చూసింది. తర్వాత దాన్ని తిప్పకుండానే ఫొటో తీసి బ్లాగులో పెట్టేసింది.

పదకొండూ ఇరవై. రైఖాన్ రీడర్ పోస్టు తెచ్చుకునేది పదకొండున్నరకి. ఒకసారి తెచ్చుకుందంటే, బ్లాగులో తీసేసినా ఆమె దగ్గర ఉండిపోతుంది.

ఉలార్‌బెక్ చేయగలిగింది ఇంకేమీ లేదు. గోడ గడియారాన్ని చూస్తూ కూర్చోవడమే. అంత చేతకానితనం అతను జన్మలో ఎరగడు.

పదకొండూ ఇరవై ఆరుకి వ్యాఖ్యలు మొదలయ్యాయి. 'రొట్టెని బోర్లిస్తావా, సిగ్గులేదా?' 'నీకు అమ్మ ఏమీ నేర్పలేదా?' 'ముందు దాన్ని తిప్పి పెట్టు!'

"ఏంటి వీళ్ల గోల?" అన్నాడు లాంబర్ట్. ఇంకో నాలుగు చదివేసరికి ముఖం మాడిపోయింది. "మోసం! తీసెయ్ దాన్ని, సెజిమ్!"

ఇప్పుడు తీసేస్తే రైఖాన్ రీడర్‌కి ఏమీ దొరకదు. ఏమీ రాకపోతే ఫొటో ఆలస్యమైందనుకుని ఆమె అలవాటుగా బయల్దేరుతుంది.

"పాస్‌వర్డ్ అడుగుతోంది," అంది సెజిమ్.

"కొట్టు!"

"తప్పంటోంది. మళ్లీ కొడుతున్నా. అబ్బా, నెట్ ఎంత నెమ్మదో!"

గడియారం ముల్లు పదకొండున్నర దాటింది. అప్పుడు సెజిమ్ పోస్టు తీసేసింది.

లాంబర్ట్ స్థిమితపడి సిగరెట్ ముట్టించాడు. ఉలార్‌బెక్ కళ్లు మూసుకున్నాడు. ఆ రీడర్ గడియారం ఒక్క నిమిషం వెనకబడి ఉన్నా రైఖాన్ పోయినట్టే.

పన్నెండుకి ఒక్క నిమిషం ఉందనగా తలుపు బద్దలైంది. లాంబర్ట్ తుపాకీ ఎత్తేలోపే పోలీసులు అతన్ని నేలకి అదిమేశారు. సెజిమ్ రొట్టెని తిప్పి సరిగ్గా పెట్టి, ఆ తర్వాతే చేతులెత్తింది.

వెనకాలే రైఖాన్ లోపలికొచ్చింది. చాయ్‌ఖానాకి కాదు, ఇక్కడికి. ఆమెను ప్రాణాలతో చూడగానే ఉలార్‌బెక్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

"నా ప్రాణం నిలబెట్టావురా," అంటూ ఆమె కట్లు విప్పింది. "కానీ మా అమ్మ నీ ఫీడ్ తీసేసింది. ఆ బుద్ధిలేనివాడి మొహం మళ్లీ చూపించొద్దంది."